చాకో కాన్యన్ పాత మ్యాపులు: ఫ్రీగా వచ్చినా చిరాకు చిరాకే

నమస్తే అండీ. ముందే చెప్పేస్తాను, ఈ మ్యాపుల సెట్ ఒక ప్రింటింగ్ షాపు వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు. సైజు, రేటు మీరు వాళ్ల పేజీలో చూసే ఉంటారు, మళ్లీ చదవను.

అమెరికాలోని న్యూ మెక్సికోలో చాకో కాన్యన్ అంటే ఆరు వేల అడుగులకు పైన ఉన్న ఎడారి, అందులో వెయ్యేళ్ల నాటి రాతి కట్టడాలు. ఇవి అక్కడి పాత టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు. గీసింది యూఎస్‌జీఎస్, అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ. స్కేలు 1:24,000. మ్యాపు మీద అంగుళం అంటే నేల మీద 2,000 అడుగులు.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఈ గోధుమ రంగు గీతలే, స్కూల్లో సమోన్నత రేఖలని బట్టీపట్టామే, అవి. గీతకీ గీతకీ 20 అడుగుల ఎత్తు తేడా. వాగు పక్కన ఎడం ఎడంగా ఉన్నాయి, అంటే చదును. ఇక్కడి రాతి కట్టడాల్లో పెద్దదైన ప్యూబ్లో బోనిటో వెనక చూడండి, జడ అల్లినట్టు బిగుసుకుపోయాయి. అది కొండ గోడ. దాన్నుంచి విడిపోయి నిలబడ్డ పెద్ద బండ ఒకటి ఉండేది. పడుతుందని కట్టినవాళ్లకే అనుమానం, దాని అడుగున రాతికట్టు పెట్టారు. చివరికి ఆ బండ 1941 జనవరిలో కూలి, దాదాపు 30 గదుల్ని నుజ్జు చేసింది. ఈ గీతలు చూశాకే నాకు ఆ భయం అర్థమైంది.

ఇక చిరాకు. ఇంత మంచి మ్యాపుకి అద్దంలాంటి లామినేషన్ ఎందుకండీ? వచ్చిన వారమే పట్టుకెళ్లాం. హైవే దిగాక సుమారు 13 మైళ్లు మట్టిరోడ్డు, ఫోన్లో సిగ్నల్ పోయింది. మ్యాపు విప్పితే ఎండ తళతళ తప్ప గీత కనపడదు. మా ఆవిడ చున్నీ అడ్డం పట్టుకుని నిలబడింది! పెన్సిల్ రాయదు, మడిస్తే మడవదు.

అంతకుముందు యూఎస్‌జీఎస్ వాళ్ల టోపోవ్యూ వెబ్‌సైట్లో ఇవే షీట్లు ఉచితంగా దించుకుని, ముక్కలుగా ప్రింట్ తీసి టేపు వేసుకున్నా. మడతల దగ్గర చిరిగింది కానీ ప్రతి మలుపూ కనిపించేది. ఒకటి గుర్తుపెట్టుకోండి, కింద అయస్కాంత ఉత్తరం చూపించే బొమ్మ ఆ కాలం నాటిది. అసలు ఉత్తరానికీ దిక్సూచి ముల్లు చూపే ఉత్తరానికీ మధ్య కోణం ఇప్పుడు మారిపోయింది, దిక్సూచిని దాని ప్రకారం పెట్టొద్దు.

హాల్లో గోడకైతే కొనండి, అందంగా ఉంటుంది. దారికైతే వద్దు. నా టేపు మ్యాపు ఇంకా కారులోనే ఉంది.