మడ మొక్కలు నాటగానే అడవి అయిపోదు

[తెర మీద: ఎండిపోయి తెల్లగా ఉప్పు పేరిన నేల. వెనకాల పచ్చగా మడ అడవి.]

మడ అంటే సముద్రపు పోటు తగిలే ఉప్పు బురదలో పెరిగే చెట్లు. ఈ బోడి నేల, ఆ పచ్చటి మడ అడవి పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడెందుకు ఒక్క మొక్కా బతకలేదు?

ఇది కృష్ణ సముద్రంలో కలిసే చోటు. బెజవాడ దాటాక నది పులిగడ్డ దగ్గర చీలి, దివిసీమను చుట్టుకుని వెళ్తుంది. ఇటువైపు రేపల్లె, నిజాంపట్నం తీరం 2022 దాకా గుంటూరు జిల్లాయే, ఇప్పుడు బాపట్ల. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లకి అలల జోరుని తగ్గించే మడ అడవి విలువ కొత్తగా చెప్పక్కర్లేదు.

[యానిమేషన్: నేలని నిలువుగా కోసి చూపే బొమ్మ, పోటు నీళ్లు]

ఒకప్పుడు కలప కోసం, కట్టెల కోసం మడ నరికేశారు. నీడ పోయి ఎండ తగిలేసరికి నేల కాస్త కుంగింది. పోటుకి నీళ్లు లోపలికొస్తాయి, పాటుకి, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, వెనక్కి పోలేవు. పల్లంలో నిలిచిన నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. ఇలా ఏళ్ల తరబడి. అలాంటి నేలలో మొక్క నాటితే ఫొటో బాగానే వస్తుంది, మొక్కే ఉండదు.

[యానిమేషన్: పైనుంచి చూస్తే చేప ముల్లు ఆకారంలో కాలువలు]

అందుకే ముందు కాలువ తవ్వాలి. పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటు నీళ్లు వాటిలో ఎక్కి, పాటుకి ఉప్పుని కడుక్కుంటూ దిగిపోతాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ ఈ పద్ధతిని తమిళనాడులోని పిచ్చావరంలో చేసి చూపించింది, తర్వాత కృష్ణా, గోదావరి తీరాలకూ తెచ్చింది.

[క్లోజప్: కాలువ గట్టు వాలు మీద మొక్క నాటుతున్న చేతులు]

మొక్కని ఎక్కడ పెడుతున్నారో చూడండి. అడుగున పెడితే మునిగిపోతుంది, గట్టు పైన పెడితే పోటు అందదు. వాలు మధ్యలో పెట్టాలి. అమావాస్య, పౌర్ణమి పోటు ఎంతవరకు ఎక్కుతుందో పాయల్లో వేటకెళ్లేవాళ్లకి కళ్లు మూసుకున్నా తెలుసు. మడ వేళ్ల మధ్య పెరిగే పీతలు, రొయ్య పిల్లలే వాళ్ల బతుకుతెరువు, కాబట్టి ఈ పనిలో వాళ్లు లేకపోతే కుదరదు.

మడకి మంచినీళ్లు కూడా కావాలండోయ్. వరదప్పుడు ప్రకాశం బ్యారేజీ నుంచి లక్షల క్యూసెక్కులు దిగువకి పోతాయి. వేసవిలో దాదాపు ఏమీ పోవు. అది ఈ మడ పని చూసుకునే ఊరి కమిటీ చేతిలో లేని పని.

[తెర మీద: బురదతో పూడిన పిల్ల కాలువ, పారలు]

చేతిలో ఉన్న పని ఇది. ప్రతి పోటూ కాస్త ఒండ్రు వదిలిపోతుంది, కాలువ పూడిపోతుంది. తీయకుండా వదిలేస్తే మళ్లీ నీళ్లు నిలిచి ఉప్పు పేరుతుంది. లేత మడ ఆకుల కోసం గేదెలూ వస్తాయి, వాటినీ అదిలించాలి. నాటడానికి డబ్బులు దొరుకుతాయి, పూడిక తీయడానికి దొరకవు. దానికి రిబ్బన్ కటింగ్ ఉండదు మరి!

మీ కాలేజీయో, కంపెనీయో మడ మొక్కలకి చందా ఇద్దామంటే, ఎన్ని మొక్కలు అని అడగడం పక్కన పెట్టండి. మూడో ఏడు పూడిక కూలీ ఎవరిస్తారో అడగండి.