ద్వీప దేశం రక్షణను అంచనా వేయడం ఎలా? తైవాన్ మీద ఒక ప్రాక్టీస్

నమస్కారం అండి. వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో మనం చేయబోయే పని ఒకటే. చుట్టూ సముద్రం ఉన్న దేశం మీదికి శత్రువు దండెత్తి వస్తే, దాని నేవీ, ఎయిర్‌ఫోర్స్ కలిసి ఎంతవరకు ఆపగలవు? ఇది ఇంట్లో కూర్చుని, అందరికీ దొరికే సమాచారంతోనే అంచనా వేయడం. ఉదాహరణకి తైవాన్ తీసుకుంటున్నా, దండెత్తి వచ్చేది చైనా అనుకుందాం. చివర్లో ఇదే షీట్‌ని 1942 నాటి సిలోన్ మీద, అంటే ఇప్పటి శ్రీలంక మీద పెట్టి చూద్దాం. అక్కడ ఏం జరిగిందో మనకు తెలుసు కాబట్టి, మన పద్ధతి పనిచేస్తుందో లేదో అక్కడ బయటపడుతుంది.

కావలసినవి రెండే. గూగుల్ ఎర్త్ ప్రో, ఒక ఎక్సెల్ షీట్. గూగుల్ ఎర్త్ ప్రో ఉచితమే, కంప్యూటర్‌లో వేసుకోండి. ఫోన్‌లో చేయొద్దు, ఈ పనికి స్క్రీన్ చాలదు.

ఓపెన్ చేశాను. తైవాన్‌కి వెళ్తున్నా. ఇక్కడ రూలర్ తీసుకోండి, యూనిట్ కిలోమీటర్లు పెట్టండి. చైనా వైపు పింగ్‌తాన్ దీవి మీద ఒక క్లిక్, ఇటు షించు తీరం మీద ఒక క్లిక్. చూశారా, సుమారు 130 కిలోమీటర్లు. జలసంధిలో అతి ఇరుకైన చోటు ఇదే. సగటున 180 వస్తుంది. ఈ రెండు అంకెలూ షీట్‌లో పెట్టేయండి. మధ్యలో ఇదిగో, పెంఘు దీవులు. ఇక్కడ పైన, చైనా తీరాన్ని ఆనుకుని కిన్‌మెన్, మాత్సు. ఇవి తైవాన్ చేతిలోనే ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో పిన్ పెట్టుకోండి.

చిన్న మాట. మ్యాప్ అటూ ఇటూ తిరిగిపోతుంటే కీబోర్డ్ మీద ఎన్ నొక్కండి, ఉత్తరం పైకి వచ్చేస్తుంది. యు నొక్కితే నిటారుగా పైనుంచి కనిపిస్తుంది. నాకైతే మౌస్ కంటే ఈ రెండు కీలే ఎక్కువ పనికొస్తాయి.

ఇప్పుడు కొంచెం వంచి చూద్దాం. మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణం దాకా గోడలాగా కొండలు. యూషాన్ శిఖరం 3,952 మీటర్లు. తూర్పు తీరం చాలా చోట్ల నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోతుంది. మైదానం, జనం, పెద్ద రేవులు ఎక్కువగా పడమర వైపే, అంటే చైనాకి ఎదురుగా ఉన్న వైపే. అక్కడ కూడా తీరం అంతా దిగడానికి అనువు కాదు. పైన గడియారం బొమ్మ ఉంది చూడండి, అది పాత ఫొటోలు చూపిస్తుంది. దాన్ని జరుపుతూ వెళ్ళండి. ఒక తేదీన నీళ్ళు, ఇంకో తేదీన కిలోమీటర్ల కొద్దీ బురద. పోటు మీద ఉన్నప్పుడు తీసిన ఫొటో ఒక్కటే చూసి ఇది మంచి బీచ్ అనుకుంటే లెక్క తప్పుతుంది.

వాతావరణానికి ఒక వరుస చాలు. చలికాలం ఈశాన్య గాలులు, వేసవిలో, ఆ తర్వాత తుపాన్లు. మధ్యలో ఏప్రిల్, అక్టోబర్ ప్రాంతంలో సముద్రం కాస్త నెమ్మదిస్తుందని విశ్లేషకులు చెబుతారు. ముందుకు వెళ్దాం.

ఇప్పుడు షీట్. మొదటి వరుసల్లో దండెత్తి వచ్చేవాడి గురించి రాయండి. రక్షణ గురించి కదా, వాడి లెక్క ఎందుకు అంటారేమో. వాడు ఒక్క విడతలో ఎంతమందిని మోసుకురాగలడో తెలియకపోతే, ఇటువైపు ఎన్ని మిసైళ్ళు ఉంటే చాలో తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో మిత్రరాజ్యాల సైనికులు ఒక్క రోజులో సుమారు 1,56,000 మంది దిగారు. దానికి దాదాపు 7,000 ఓడలు, పడవలు పనిచేశాయి. ఇప్పటి నౌకలతో పోల్చాలంటే మన ఊళ్ళోనే ఒకటుంది. ఐఎన్ఎస్ జలాశ్వ. అమెరికా నేవీ నుంచి కొన్నది, 2007లో మన నేవీలో చేరింది. వెనకవైపు డెక్‌లోకి సముద్రపు నీళ్ళు ఎక్కించి, లోపలున్న ల్యాండింగ్ పడవల్ని బయటికి వదులుతుంది. అంత పెద్ద ఓడ మోసేది సుమారు వెయ్యి మంది సైనికుల్ని. అంటే నార్మండీ మొదటి రోజు స్థాయికి అలాంటివి నూటయాభైకి పైగా కావాలి. షీట్‌లో భాగించి చూసుకోండి.

అన్ని ల్యాండింగ్ నౌకలు చైనా దగ్గర కూడా లేవు. అందుకే విన్యాసాల్లో వాహనాలు ఎక్కించుకునే పౌర ఫెర్రీలను కూడా దింపుతోంది. ఫెర్రీ నిలబడాలంటే మామూలుగా రేవు కావాలి. కాబట్టి మన షీట్‌లో బీచ్‌లతో పాటు రేవుల వరుస కూడా ఉండాలి. కావోష్యుంగ్, తైచుంగ్, తైపే పోర్టు. ఈ మూడింటికీ ఎర్ర పిన్ పెట్టండి. టీవీ చర్చల్లో బీచ్‌ల గురించి గంటల తరబడి మాట్లాడతారు, రేవు మాట రాదు. నా దృష్టిలో రేవు చేతులు మారకపోతే దిగిన సైన్యానికి తిండీ ఇంధనమూ అందవు.

సరే, ఇప్పుడు తైవాన్ నేవీ. ఇవి త్వరగా ఎక్కించేస్తున్నా. పెద్ద యుద్ధనౌకలైన కీలుంగ్ తరగతి డిస్ట్రాయర్లు నాలుగు. వాటికంటే కాస్త చిన్నవి, అమెరికా, ఫ్రాన్స్ డిజైన్ల ఫ్రిగేట్లు. ఇంకా చిన్నవైనా వేగంగా వెళ్ళే తువో చియాంగ్ కార్వెట్లు. పాత సబ్‌మెరైన్లు నాలుగు, అందులో రెండు రెండో ప్రపంచ యుద్ధం నాటివి. సొంతంగా కట్టిన మొదటి సబ్‌మెరైన్ హైకున్‌ను 2023 సెప్టెంబర్‌లో ఆవిష్కరించారు. ప్రధాన స్థావరం జోయింగ్, ఇదిగో పడమర వైపు. తూర్పున సువావో.

ఆ పక్క కాలమ్‌లో 'ఆ రోజు ఎన్ని' అని రాయండి. ఏ నేవీకైనా మొత్తం నౌకల్లో ఒక వంతు సముద్రంలో, ఒక వంతు శిక్షణలో, ఒక వంతు రిపేర్లో ఉంటాయన్నది మోటు లెక్క. వైజాగ్ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళి చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. తల వంచి ఒక గది నుంచి ఇంకో గదికి దూరుతుంటే రెండు పక్కలా పైపులు, వాల్వులు, మీటర్లు. వాటిలో ప్రతిదాన్నీ విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించాల్సిందే. కాబట్టి రెండు సబ్‌మెరైన్లు అని పుస్తకంలో ఉంటే, ఆ రోజుకి ఒకటి అని రాసుకోవడమే క్షేమం.

నౌకల కంటే ముఖ్యమైన వరుస ఇది. తీరం నుంచి నౌకల్ని కొట్టే మిసైళ్ళు. షియుంగ్ ఫెంగ్ 2, షియుంగ్ ఫెంగ్ 3, అమెరికా హార్పూన్లు. లారీల మీద తిరుగుతాయి, సొరంగంలో దాక్కుంటాయి. 2022 ఏప్రిల్‌లో రష్యా నల్లసముద్ర నౌకాదళానికి పెద్ద దిక్కయిన మాస్క్‌వా అనే యుద్ధనౌకని ఉక్రెయిన్ ఒడ్డు మీద నుంచి నెప్ట్యూన్ మిసైళ్ళతో ముంచింది. ఉక్రెయిన్ దగ్గర అప్పటికి చెప్పుకోదగ్గ పెద్ద యుద్ధనౌకే లేదు. ద్వీపానికి సముద్రం తన చేతిలో ఉండనక్కర్లేదు, ఎదుటివాడికి దక్కకుండా చేస్తే చాలు. దీని కింద సముద్రపు మైన్లకు, అంటే నీళ్ళలో ఉంచి ఓడ వస్తే పేలే బాంబులకు, ఇంకో వరుస వేయండి. జలసంధి లోతు తక్కువ, చాలా భాగం 100 మీటర్లు కూడా ఉండదు. మైన్లకు అది అనుకూలం.

ఎయిర్‌ఫోర్స్. షించులో మిరాజ్ 2000లు, చియాయీలో ఎఫ్-16లు, తైనాన్, తైచుంగ్‌లలో సొంతంగా చేసుకున్న చింగ్‌కువో విమానాలు. ఇవన్నీ పడమర వైపు, మిసైళ్ళకి ఎదురుగా. తూర్పున హువాలియెన్ దగ్గర జూమ్ చేస్తున్నా. రన్‌వే చివర నుంచి ఈ ట్యాక్సీవే పట్టుకుని రండి, రండి... ఇదిగో, కొండలోకి వెళ్ళిపోయింది. చియాషాన్ స్థావరం. విమానాలు కొండ లోపల ఉంటాయి. అయితే విమానం బతికినా రన్‌వే గుంతలు పడితే ఎగరలేదు. అందుకే హైవేల మీద దించి ప్రాక్టీస్ చేస్తారు. 2021లో పింగ్‌టుంగ్‌లోని జియాదోంగ్ దగ్గర దించారు. షీట్‌లో 'మొదటి దెబ్బ తర్వాత ఎన్ని' అనే కాలమ్ ఈ వరుసల కోసమే.

ఇప్పుడు అసలు స్టెప్. ఇక్కడ నిదానంగా వెళ్తాను, మీరూ వీడియో ఆపి చేయండి. కొత్తగా చేసేవాళ్ళు అందరూ దీన్ని వదిలేస్తారు. కాలమ్ పేరు 'చూసిన దగ్గర్నుంచి కొట్టే దాకా ఎంతసేపు'.

130 కిలోమీటర్లు. గంటకి 900 వేగంతో వచ్చే విమానానికి తొమ్మిది నిమిషాల లోపే. 15 నాట్ల వేగంతో, అంటే గంటకి సుమారు 28 కిలోమీటర్లతో వచ్చే ఓడకి నాలుగున్నర గంటలకు పైనే. ఈ రెండూ పక్కపక్కన రాయండి. ఓడ విషయంలో తైవాన్‌కి టైమ్ ఉంది. గాలిలో నిమిషాలే.

ఆ నిమిషాల్లో ఏమేం జరగాలో విడివిడిగా రాయండి. రాడార్ చూడాలి. చూసింది ఏమిటో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ మాట కమాండ్‌కి, అక్కడి నుంచి స్క్వాడ్రన్‌కి, అంటే విమానాల దళానికి, చేరాలి. పైలట్ ఎక్కాలి. ఒక్కో అడుగుకి ఒక్కో గడి. ఏ గడి తెగినా మిగతావి ఎన్ని ఉన్నా వృథా. లెషాన్ కొండ మీద తైవాన్ పెద్ద రాడార్ ఉంది, చాలా దూరం చూస్తుంది. కానీ కదలదు. మొదటి దెబ్బ దాని మీదే పడుతుందనుకుని, అది లేకపోతే ఏ రాడార్లు మిగులుతాయో రాయాలి.

దీన్నే సిలోన్ మీద పెడదాం. 1942 ఏప్రిల్ 4 సాయంత్రం బర్చాల్ అనే కెనడా పైలట్ తన కాటలీనా గస్తీ విమానంలోంచి, సిలోన్‌కి 600 కిలోమీటర్లకు పైగా దూరంలో జపాన్ నౌకాదళాన్ని చూశాడు. రేడియోలో చెప్పాడు, ఆ తర్వాత విమానం కూలిపోయింది. అంటే మొదటి గడి నిండింది, రాత్రంతా టైమ్ ఉంది. కొలంబోలో రాడార్ కూడా ఉంది. అయినా మర్నాడు పొద్దున జపాన్ విమానాలు వచ్చేసరికి కొలంబో దగ్గరి రత్మలానా ఎయిర్‌ఫీల్డ్‌లో హరికేన్ ఫైటర్లు ఇంకా నేల మీదే ఉన్నాయి. రాడార్ చూడటం నుంచి స్క్వాడ్రన్‌కి మాట చేరే దాకా ఎక్కడో ఒక గడి ఖాళీ. కొలంబో రేస్‌కోర్స్ మైదానాన్ని రన్‌వేగా మార్చిన సంగతి మాత్రం జపాన్‌కి తెలియదు. అక్కడి హరికేన్లు లేచాయి.

1940లో జర్మనీ విమానాలు దాడి చేసినప్పుడు బ్రిటన్ దగ్గర ఇదే గొలుసు పూర్తిగా ఉంది. తీరం పొడవునా చెయిన్ హోమ్ అనే రాడార్లు, ఫోన్లతో కూర్చున్న అబ్జర్వర్లు. రాడార్ల కబుర్లు ఫైటర్ కమాండ్ ప్రధాన కేంద్రమైన బెంట్లీ ప్రయరీలో ఒక గదికి చేరి, అక్కడ వడకట్టాక, కింది కేంద్రాల ద్వారా స్క్వాడ్రన్లకు వెళ్ళేవి. సిలోన్, బ్రిటన్ షీట్లు రెండూ పక్కపక్కన పెడితే విమానాల సంఖ్య కంటే ఈ గడులే ఎక్కువ మాట్లాడతాయి.

ఇది మనకి దూరపు కథ కాదు. కొలంబో మీద పడిన మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. వైజాగ్ పేరుతో ఒక ట్యాబ్ తెరిచి అదే గొలుసు రాసి చూడండి. ఎవరు చూడాలి, ఎవరికి చెప్పాలి, ఎవరు ఎగరాలి. 1942 నాటి ఆ ట్యాబ్‌లో ఎన్ని గడులు నిండుతాయో చూసి, దాని పక్కనే తైవాన్‌ది పెట్టండి.

చివరి కాలమ్ 'ఎంత నమ్మకం'. ప్రభుత్వమే ప్రకటించినదైతే పచ్చ, ఫొటోలో మీరే చూసినదైతే పసుపు, ఎవరో అన్నదైతే ఎరుపు. ప్రతి గడిలో తేదీ వేయండి. సెల్ మీద కంట్రోల్, సెమికోలన్ కలిపి నొక్కితే ఈ రోజు తేదీ వచ్చేస్తుంది. ఎర్ర గడులు సగం దాటితే ఆ షీట్ మీద ఆధారపడి ఎవరికీ ఏమీ చెప్పకండి, ముందు వాటిని పసుపులోకి తేవాలి. ఫైల్‌ని తేదీతో సేవ్ చేసుకోండి, పాతది చెరపొద్దు.