బ్యాండు మానిపించి ఇంకేదైనా పెట్టించమంటావా వదినా?

హోస్ట్: నమస్కారమండీ. ఈ వారం మైకు ముందు మా వదిన కూర్చుంది. ఎందుకు పిలిచానో దాపరికం లేకుండా చెప్పేస్తా. మావాడు ఐదో తరగతి. ఆరో తరగతికి ఏ ఎలెక్టివ్, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టు, తీసుకుంటాడో చెప్పమని జనవరిలో ఫారం వస్తుంది. వాడికి బ్యాండు కావాలి. నాకేమో ఆ పీరియడ్లో పనికొచ్చేది ఇంకేదైనా నేర్చుకుంటే బాగుండుననిపిస్తోంది. వదిన వాళ్ల పెద్దమ్మాయి ఇప్పుడు ట్వెల్త్. ఆరో తరగతి నుంచీ క్లారినెట్ వాయిస్తోంది. డాలస్‌కి ఉత్తరాన ఒక పబ్లిక్ హైస్కూలు. పేరు వద్దులే వదినా.

వదిన: వద్దు. పనికొచ్చేది అంటే ఏంటి మరిదీ?

హోస్ట్: అదే... మ్యాథ్స్, కోడింగ్.

వదిన: ఏడేళ్ల కింద నేనూ ఇదే మాటన్నాను, అచ్చంగా. మా అత్తగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. క్లారినెట్ చూసి "ఇది పెళ్లి బ్యాండు మేళంలో వాయించేదిగా" అన్నారు. నిజమేగా, మనూళ్లలో పెళ్లి ఊరేగింపు ముందు పాట ఎత్తుకునేది అదే. అది స్కూల్లో, పీరియడ్ పెట్టి, ప్రత్యేకంగా మాస్టార్ని పెట్టి నేర్పుతారంటే ఆవిడకి ఆశ్చర్యం. నాకూ ఆశ్చర్యమే. నేను చదివిన స్కూల్లో హార్మోనియం స్టాఫ్ రూమ్ బీరువా మీద ఉండేది. ఆగస్టు పదిహేనుకి దింపేవాళ్లు, మళ్లీ ఎక్కించేవాళ్లు. డ్రిల్లు పీరియడ్ అయితే లెక్కల సిలబస్ మిగిలిపోయినప్పుడల్లా లెక్కల మాస్టారిది.

హోస్ట్: మా స్కూల్లోనూ అంతే.

వదిన: ఇక్కడ అలా కాదు. టెక్సస్‌లో హైస్కూలు డిప్లొమాకి 22 క్రెడిట్లు కావాలి, ఎండార్స్‌మెంట్, అంటే ఒక రంగంలో ప్రత్యేకత, కూడా కలిపితే 26. అందులో ఫైన్ ఆర్ట్స్ ఒకటి, పీఈ, అంటే మన డ్రిల్లు, ఒకటి ఉండి తీరాలి. మార్చింగ్ బ్యాండులో, అంటే మైదానంలో నడుస్తూ వాయించే బ్యాండులో, ఉన్న పిల్లలకి పీఈ క్రెడిట్ కూడా దానితోనే తీరిపోవచ్చు. ఇంకోటి చెప్తా. ఫుట్‌బాలూ, బ్యాండు పోటీలూ, స్పెల్లింగూ, డిబేటూ, లెక్కలూ, వీటన్నిటి పోటీలూ నడిపేది ఒకే సంస్థ. యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. అందరూ యూఐఎల్ అంటారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ కింద 1910లో మొదలైంది.

హోస్ట్: లెక్కల పోటీ కూడానా?

వదిన: నంబర్ సెన్స్ అని ఒకటుంది. పది నిమిషాలు, 80 లెక్కలు. చిత్తు పని ఉండదు, కొట్టివేత ఉండదు, అంతా మనసులోనే. మా చిన్నాడు అందులోకే వెళ్లాడు. పదహారో ఎక్కం గడగడా చెప్పే పిల్లలకి అది పండగే.

హోస్ట్: మరి నా భయం చెప్పనా? బ్యాండని తిరిగితే మార్కులు పోతాయని.

వదిన: ఆ భయం ఈ రాష్ట్రానికి నలభై ఏళ్ల కిందే వచ్చింది మరిదీ, ఏకంగా చట్టమే చేసేశారు. 1984లో. డాలస్ వ్యాపారవేత్త రాస్ పెరో ఒక కమిటీకి పెద్దగా ఉండి, బళ్లలో చదువుకన్నా ఫుట్‌బాల్ ఎక్కువైపోయిందని గట్టిగా మాట్లాడాడు. గవర్నర్ మార్క్ వైట్ సంతకం పెట్టాడు. "నో పాస్, నో ప్లే". ఏ సబ్జెక్టులో అయినా 70 కన్నా తక్కువొస్తే ఆటైనా, పాటైనా, పోటీకి వెళ్లకూడదు. మొదట్లో ఆరు వారాలు ఆపేవాళ్లు, తర్వాత మూడు వారాలకి తగ్గించారు. కోచ్‌లకి ఎంత కోపం వచ్చిందో చెప్పలేం. 1986లో ఆ గవర్నర్ ఓడిపోయాడు. ఆ కోపం కూడా ఒక కారణమని ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. చట్టం మాత్రం నిలబడింది.

హోస్ట్: ఏపీ క్లాసులకి కూడానా? ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదండోయ్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి క్లాసులు.

వదిన: కష్టమైన క్లాసులకి మినహాయింపు ఉంటుంది. మాకు తగిలింది మామూలు కెమిస్ట్రీలోనే.

హోస్ట్: ఆ కథ చెప్పు వదినా.

వదిన: మా అమ్మాయి టెన్త్ మొదట్లో. రెండు ల్యాబ్ రిపోర్టులు రాసింది, కంప్యూటర్లో పెట్టడం మర్చిపోయింది. రెండు సున్నాలు. మొదటి ఆరు వారాలకి 68 వచ్చింది. టెస్టుల్లో మార్కులు బాగానే ఉన్నాయని నేనూ పట్టించుకోలేదు. గ్రేడు వచ్చిన ఏడు రోజులకి ఆపేశారు. ఆ శనివారమే పోటీ.

హోస్ట్: అయ్యో.

వదిన: మార్చింగ్‌లో ప్రతి పిల్లకీ మైదానంలో తనదంటూ ఒక చోటుంటుంది. దాన్ని డాట్ అంటారు. చిన్న పుస్తకం తాడుకి కట్టి మెళ్లో వేసుకుంటారు. ఏ సెట్‌లో, అంటే ఏ వరసలో, ఎక్కడ నిలబడాలో అందులో రాసి ఉంటుంది. 35 గజాల గీత నుంచి రెండడుగులు లోపలికి, మైదానం మధ్య ఉండే హాష్ గుర్తుల నుంచి నాలుగడుగులు వెనక్కి, అలా. అడుగంటే ఇష్టమొచ్చినంత కాదు. అయిదు గజాలకి ఎనిమిది అడుగులు, అంటే ఒక్కోటి ఇరవై రెండున్నర అంగుళాలు. జులై చివర నుంచి ఆగస్టంతా, వంద డిగ్రీల ఎండలో, పక్కన గ్యాలన్ నీళ్ల డబ్బా పెట్టుకుని ఆ అడుగే వేస్తారు.

హోస్ట్: ఒక పిల్ల లేకపోతే పక్కవాళ్లు సర్దుకోరా?

వదిన: ఎలా సర్దుకుంటారు? వాళ్ల డాట్ వాళ్లది. ఆ చోటు ఖాళీగా ఉంచుకునే నడుస్తారు. ఆ పోటీకి సామాను మోసే పేరెంట్స్‌లో నా పేరు ముందే ఇచ్చేశాను, నేను వెళ్లక తప్పలేదు. అమ్మాయి ఇంట్లో ఉండిపోయింది. పై మెట్ల మీద నిలబడి చూస్తున్నా. క్లారినెట్లు వంపు తిరిగాయి. ఆ వంపులో ఒక సందు. అందరూ కదులుతుంటే ఆ సందూ వాళ్లతోపాటే కదులుతోంది. అక్కడ నా కూతురుండాలి. పక్కావిడ ప్రోగ్రాం ఎంత బాగుందో చెప్తోంది, నాకు మాట రాలేదు.

హోస్ట్: ...ఇంటికొచ్చాక ఏమన్నావ్?

వదిన: ఏమీ అనలేదు. అదే అడిగింది, "అమ్మా, నా గ్యాప్ కనిపించిందా?" అని. కనిపించిందన్నాను. పోటీకి వెళ్లకూడదు గానీ ప్రాక్టీసుకి వెళ్లొచ్చు. ఆ మూడు వారాలూ పొద్దున ఆరున్నరకే ప్రాక్టీసు, అవ్వగానే కెమిస్ట్రీ టీచర్ దగ్గర ట్యుటోరియల్. 81కి తెచ్చుకుంది. ట్యూషన్ పెట్టిస్తానన్నాను, వద్దంది. ఆ డాట్ దానిది కాబట్టి చదివింది మరిదీ. నేను చెప్పినందుకైతే అలా చదివేది కాదు.

హోస్ట్: సరే, ఇంకో వాదన. డాలస్ దగ్గర అలెన్ అనే ఊరి హైస్కూలు సంగతి. స్టేడియానికే అంత డబ్బు పెడితే...

వదిన: 18,000 సీట్లు, సుమారు 60 మిలియన్ డాలర్లు. 2012లో తెరిచారు, 2014లో కాంక్రీటు పగుళ్లిచ్చి మూసి బాగు చేశారు. ఆ డబ్బు ఊరివాళ్లు ఓటేసి ఒప్పుకున్న బాండ్ల అప్పులోది. దేశమంతా విమర్శించింది. నాకూ ఆ అంకె ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఆ ఊరిది ఒక పద్ధతి. ఊరంతటికీ ఒకే హైస్కూలు, అయిదు వేల పైచిలుకు పిల్లలు, వందల మంది బ్యాండు. తర్వాత పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడైన కైలర్ మర్రే అక్కడే ఆడాడు. వరసగా 42 మ్యాచుల్లో ఒక్కటీ ఓడలేదు.

హోస్ట్: మరి ఆ పక్క ఊరు ఫ్రిస్కో?

వదిన: ఫ్రిస్కో దానికి పూర్తిగా ఎదురు. చిన్న చిన్న హైస్కూళ్లు ఎక్కువగా కట్టుకుంటూ పోయారు. ఒక్కోదాంట్లో రెండు వేల పిల్లలు, అటూ ఇటూగా. వాళ్ల ఫుట్‌బాల్ మ్యాచులు డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు వాళ్ల ఫోర్డ్ సెంటర్లో కూడా జరుగుతాయి. ఆలోచించు. అయిదు వేల మందిలో బాస్కెట్‌బాల్ టీముకి పదిహేను మందే. అదే పిల్లలు రెండు స్కూళ్లలో ఉంటే ముప్పై. మన పిల్లలు చాలామంది ఆటల్లో సగటున ఉంటారు. సగటు పిల్లకి చోటు దొరికే స్కూలే నాకు మంచి స్కూలు. బ్యాండులో మాత్రం ఆ ఇబ్బంది లేదు. అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టడం ఉండదు, వచ్చినవాళ్లందరికీ ఏదో ఒక బ్యాండులో చోటుంటుంది.

హోస్ట్: ర్యాంకు మాటేంటి? ఆస్టిన్‌లో సీటు...

వదిన: అది నిజంగా చిక్కే, కాదనను. 1997 చట్టం ప్రకారం క్లాసులో పైన పది శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్ ఒక్కటీ తగ్గించుకుంటూ వచ్చింది, 2026 నుంచి అయిదు శాతమే. మామూలు క్లాసులో నూటికి నూరొచ్చినా ఏపీ క్లాసుకున్న పాయింట్లు రావు. దాంతో పదో తరగతిలో బ్యాండు మానేసే మన పిల్లలు ఎంతమందో. నాలుగేళ్ల బ్యాండుని జీపీఏలో, అంటే ర్యాంకు లెక్కేసే సగటు మార్కుల్లో, కలపాలా వద్దా అని స్కూల్ డిస్ట్రిక్టులే ఒక మాట మీద లేవు. నీ డిస్ట్రిక్టులో ఎలా లెక్కేస్తారో ఇప్పుడే కనుక్కో, నైన్త్‌కి వచ్చాక కాదు.

హోస్ట్: ఖర్చు?

వదిన: క్లారినెట్, ఫ్లూట్ లాంటివి మనమే కొనాలి లేదా అద్దెకి తెచ్చుకోవాలి. ట్యూబా, బసూన్ లాంటి పెద్దవి స్కూలే ఇస్తుంది. ఫీజు కట్టలేనివాళ్లు డైరెక్టర్ని అడగొచ్చు. మొహమాటపడకండి, అడగండి. ఇంకో మాట, బ్యాండు మొదలయ్యేది ఆరో తరగతిలోనే. ఒక్కో వాయిద్యానికి వేరే క్లాసు, నోట్లో ఎలా పెట్టుకోవాలో దగ్గర నుంచి చెప్తారు. హైస్కూలుకొచ్చాక చేరాలంటే చాలా కష్టం. వాడికి కర్ణాటక వయొలిన్ వస్తుందన్నావుగా?

హోస్ట్: రెండేళ్ల నుంచి. అది ఆర్కెస్ట్రాకి పనికొస్తుందా?

వదిన: చెవి పనికొస్తుంది, చెయ్యి మాత్రం మొదట్నుంచి. మన పద్ధతిలో కింద కూర్చుని చీలమండ మీద ఆనిస్తారు, అక్కడ కుర్చీలో గడ్డం కింద పెట్టాలి. వాడేం వాయిస్తానంటున్నాడు?

హోస్ట్: డ్రమ్స్.

వదిన: అందరూ డ్రమ్సే అంటారు. రేపు శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, హాఫ్ టైములో బ్యాండు వాయిస్తుంది, వాణ్ణి తీసుకురా. హాఫ్ టైముకి వస్తే పార్కింగ్ దొరకదు, ఆరున్నరకే వచ్చెయ్. డ్రమ్‌లైన్ బ్యాండు హాలు నుంచి వాయించుకుంటూ గేటు దాకా నడిచొస్తుంది. గేటు పక్కనే నిలబెట్టు వాణ్ణి. మూడో క్వార్టర్లో బ్యాండు పిల్లలకి విరామం, మా అమ్మాయి నాచోస్ తింటూ పైకొస్తుంది. నోట్లో ఏది పెట్టి ఊదాలో, కర్ర ఎలా పట్టుకోవాలో దాన్నే అడుగుతాడు.