తొట్లకొండ మీద గొంతు కలిపి

శ్రోతలకు నమస్కారం.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర ఎడమకు తిరిగితే తొట్లకొండ వస్తుంది. వాన నీరు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ కొండకు ఆ పేరు. 1976లో నౌకాదళం జరిపిన విమాన సర్వేలో ఈ చోటు కంటపడింది. 1988లో మొదలైన తవ్వకాల్లో బౌద్ధ మహాస్తూపం, భిక్షువుల గదులు, భోజనశాల, వాటితోపాటు స్తంభాల సమావేశ మందిరం బయటపడ్డాయి.

ఒక వైశాఖ పూర్ణిమ ఉదయం ఆ కొండ మీద పదిహేను మంది కూర్చుని త్రిశరణాలు చెప్పుకుంటుంటే నేనూ ఓ పక్కన కూర్చున్నాను. బుద్ధం సరణం గచ్ఛామి, ధమ్మం సరణం గచ్ఛామి, సంఘం సరణం గచ్ఛామి. రెండోసారి ‘దుతియంపి’ అని, మూడోసారి ‘తతియంపి’ అని ముందు చేర్చి మళ్లీ మొదటి నుంచి చెబుతారు. నా పక్కన ఉన్న పెద్దాయనకు ఆయాసం. ‘గచ్ఛామి’ దాకా రాకముందే ఊపిరి అందక ఆగిపోయేవారు. కానీ వాక్యం ఆగలేదు. మిగతావాళ్లు దాన్ని చివరిదాకా తీసుకువెళ్లారు, ఆయన తరువాతి వాక్యంలో వచ్చి కలిశారు. కలిసి పఠించడం ఎందుకో నాకు ఆ రోజే అర్థమైంది. ఒక్కడి ఊపిరి మీద ఆధారపడకుండా మాట నిలబడాలి.

నిజానికి బుద్ధుని బోధ మనదాకా చేరింది ఈ దారిలోనే. ఆయన పరినిర్వాణం తరువాత రాజగృహంలో భిక్షువులు సమావేశమైనప్పుడు ఆనందుడు సూత్రాలను, ఉపాలి భిక్షువుల నడవడికి సంబంధించిన వినయ నియమాలను వల్లించారని సంప్రదాయం చెబుతుంది. ఆ సభను సంగీతి అన్నారు, అంటే కలిసి పాడడం. సూత్రాల మొదట వచ్చే ‘ఏవం మే సుతం’, నేను ఇలా విన్నాను అనే మాట, ఆనందుడిదే అంటారు. సింహళంలో క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో తాటాకుల మీదకు ఎక్కేవరకూ పాళీ త్రిపిటకం, అంటే పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాల సంపుటి, కంఠస్థంగానే బతికింది. మన వేద పాఠశాలల్లో సంత చెప్పుకున్నట్టే, అంటే కలిసి వల్లె వేసినట్టే, ఒకరు తప్పితే పక్కవారు దిద్దేవారు.

అయితే పాట మీద మోజు వద్దన్నాడు బుద్ధుడు. ధర్మాన్ని రాగాలు సాగదీసి పాడితే పాడేవాడు తన గొంతు మీదే మనసు పారేసుకుంటాడు, వినేవాడు కూడా అర్థం వదిలి ఆ స్వరాన్నే పట్టుకుంటాడు అని వినయపిటకం చెబుతుంది. భజనల్లో పెరిగిన నాకు ఈ మాట మొదట కటువుగా తోచింది. ఆ ఉదయం కొండ మీద విన్న సాదా స్వరం గుర్తొస్తే మాత్రం అది న్యాయమే అనిపిస్తుంది.

తరువాతి కాలంలో మంత్రాలూ వచ్చాయి. టిబెట్‌లో 108 పూసల మాల తిప్పుతూ ‘ఓం మణి పద్మే హుం’ అంటారు, జపాన్‌లో అమితాభ బుద్ధుని నామం జపిస్తారు. శ్రీలంకలో రక్ష కోసం చదివే పరిత్త సూత్రాలు పఠిస్తున్నంతసేపూ కూర్చున్నవారందరూ ఒకే తెల్ల దారాన్ని పట్టుకుంటారు. తరువాత ఆ దారాన్నే తుంపి చేతులకు రక్షగా కడతారు.

తొట్లకొండ సమావేశ మందిరం దగ్గర నిలబడితే నాకు ఉపోసథం గుర్తొస్తుంది. ప్రతి పున్నమికీ అమావాస్యకూ భిక్షువులు ఒకచోట చేరతారు. ఒకరు పాతిమోక్ఖ నియమాలను, అంటే భిక్షువులు పాటించాల్సిన నియమాలను, పఠిస్తారు. పాళీ సంప్రదాయంలో అవి 227. ఒక్కో వర్గం పూర్తయ్యాక ‘ఇందులో మీరు పరిశుద్ధులేనా?’ అని మూడుసార్లు అడుగుతారు. తప్పు చేసినవాడు అక్కడే చెప్పాలి. ఎవరూ పెదవి విప్పకపోతే పఠించే భిక్షువు, ‘ఆయుష్మంతులు పరిశుద్ధులు, అందుకే మౌనంగా ఉన్నారు, అలాగే గ్రహిస్తున్నాను’ అని చెప్పి తరువాతి వర్గం అందుకుంటాడు.