నడిచే ఇసుక మీద ఓ పల్లె

శ్రోతలకు నమస్కారం.

మొన్న పొద్దున్నే మన విశాఖ జాలారిపేట ఒడ్డున నడుస్తుంటే ఒక పెద్దాయన వల బాగు చేసుకుంటూ కనిపించాడు. "ఏం పెద్దాయనా, బీచి ఇంకా తగ్గినట్టుందే?" అన్నాను. "మునుపు ఈడ వరసాగ్గా తెప్పలు ఆరేసీవోళ్లం బాబూ. ఇప్పుడు తెప్ప ఎట్టడానికే జాగా నేదు" అన్నాడు. మరి ఆ ఇసకంతా ఎక్కడికి పోయినట్టని అడిగితే, వల మీంచి తల ఎత్తకుండానే గడ్డంతో భీమిలి వైపు చూపించాడు.

ఆయన చూపించిన దిక్కు సరైనదే. మన తీరంలో ఇసుక ఒకచోట కుదురుగా ఉండదు. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఒడ్డును ఏటవాలుగా కొడుతూ ఇసుకను ఉత్తరానికి తోసుకుపోతాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది గానీ, ఏడాది మొత్తం మీద లెక్క కడితే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1933లో మన హార్బరు ప్రారంభమయ్యేనాటికే ఇంజనీర్లకు ఇది పెద్ద తలనొప్పి. ఓడలు వచ్చే కాలువ నోట్లో ఇసుక మేట వెయ్యకుండా రెండు పాత ఓడల్ని తెచ్చి, డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ముంచి అడ్డు పెట్టారు. అక్కడ ఆగిపోయిన ఇసుక ఇటు ఆర్కే బీచికి రాదు. అందుకే డ్రెడ్జరుతో తోడి, పైపుల్లో బీచి మీదికి పంపుతూ ఉంటారు.

మన బీచిని కొరికే ఈ పనే, కాకినాడ దగ్గర ఒక దీవిని కట్టింది. అదే హోప్ ఐలాండ్.

విశాఖ నుంచి కాకినాడ 150 కిలోమీటర్లు. కాకినాడ తీరానికి ఎదురుగా, సముద్రంలో సన్నగా, పొడుగ్గా పడుకుని ఉంటుంది ఈ దీవి. పొడవు 16 కిలోమీటర్ల పైచిలుకు. వయసు మాత్రం సుమారు 200 ఏళ్లే. మన డాల్ఫిన్స్ నోస్ కొండ రాయిది కోట్ల ఏళ్ల వయసు. దాని పక్కన ఇది నిన్న పుట్టిన పసిపాప.

త్రయంబకం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి వచ్చే గోదావరి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలుతుంది. అందులో యానాం మీదుగా పోయే గౌతమి తెచ్చిన ఇసుకను, ఒండ్రును సముద్రం మొగ దగ్గరే అందుకుని ఉత్తరానికి మోసుకుపోయి, వరసగా పేర్చింది. నీళ్లలో పైకి తేలిన ఇసుక మేటను ఆ ప్రాంతంలో తిప్ప అంటారు. బలుసుతిప్ప, గుత్తెనదీవి, ఎదుర్లంక. ఆ చుట్టుపక్కల ఊళ్లకు తమ పుట్టుక పేరులోనే ఉంటుంది. మన వైపు 'వలస'లూ 'పేట'లూ ఎన్నో, అక్కడ తిప్పలూ లంకలూ అన్ని.

దీవి పెరగకముందు ఆ తీరానికి పెద్ద దిక్కు కోరంగి. ఓడలు కట్టిన రేవు అది. అక్కడి నుంచి మనవాళ్లు రంగూన్‌కు ఎంతగా వెళ్లారంటే, బర్మాలో తెలుగువాడు ఏ ఊరివాడైనా 'కొరంగీ'యే. కంచరపాలెం దగ్గర, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడ్డ బర్మా క్యాంపు ఎరిగిన శ్రోతలకు ఆ రాకపోకల రెండో సగం ఏమిటో నేను చెప్పక్కర్లేదు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన కోరంగిని ముంచేసింది. చాలామంది అక్కడితో కథ ముగిస్తారు. నా మటుకు నాకు, తుఫాను దెబ్బ కన్నా ఇసుక దెబ్బే పెద్దదనిపిస్తుంది. మునిగిన ఊరిని మళ్లీ కట్టుకోవచ్చు. రేవు పూడిపోతే ఓడ రాదు. గోదావరి కోరంగి నోరు పూడ్చింది. అదే గోదావరి ఇసుకతో పెరిగిన దీవి, ఎదురుగా ఉన్న కాకినాడ అఖాతానికి గోడలా నిలబడింది. ఆ గోడ చాటున నీళ్లు నెమ్మదించాయి. ఓడలు అక్కడ లంగరు వేసుకుంటే సరుకు బార్జీల్లో ఒడ్డుకు చేరేది. 1860ల నాటికి పత్తి ఎగుమతులతో కాకినాడ పేరు సీమ దాకా, అంటే ఇంగ్లండు దాకా వెళ్లింది.

ఇంత పని చేసిన దీవి మీద ఒక చిన్న పల్లె ఉంది. పేరు పుత్రయ్యపాకలు. పేరులోనే పాకలున్నాయి చూడండి, మేడలు కాదు! అందరూ వేట మీద బతికేవాళ్లే. ఇసుక దీవిలో మంచినీళ్లు ఎలాగన్న అనుమానం రావచ్చు. వానకు ఇంకిన తీపినీరు బరువు తక్కువ కాబట్టి, అడుగునున్న ఉప్పునీటి మీద పొరలా తేలి ఉంటుంది. ఇసుక దీవుల్లో చెలమ తవ్వితే దొరికేది ఆ నీరే. ఆశపడి లోతుకు తవ్వితే ఉప్పు తగులుతుంది.

దీవికీ ఒడ్డుకూ నడుమ కోరంగి మడ అడవి. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల. 1978 నుంచి అది అభయారణ్యం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు దీవి ఇసుకలో గుడ్లు పెట్టిపోతాయి. అవి మన ఆర్కే బీచికీ వస్తాయి గానీ, ఇక్కడ వాటికి కుక్కల బెడద, లైట్ల బెడద.

2004 సునామీలో కాకినాడను కాచింది ఈ దీవేనని అక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను మాత్రం దీవికి దక్షిణంగా తీరం దాటింది. భైరవపాలెం, బలుసుతిప్పల్లో వేటకు పోయినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. గోడ ఉన్నా, గోడకు అవతల ఉన్నవాళ్లకు అది ఏం పని చేస్తుంది?

ఉప్పాడది ఇంకో గోడు. జాందానీ చీరల ఉప్పాడే. కాకినాడకు ఉత్తరాన, దీవి నీడ దాటగానే ఉంటుంది. దీవి పెరిగినకొద్దీ అలల దారి మారి, రావలసిన ఇసుక రాక ఉప్పాడ ఒడ్డు కోతకు గురవుతోందని సముద్ర శాస్త్రవేత్తల మాట. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు పరిచారు. సముద్రం ఇళ్ల దాకా వస్తూనే ఉంది. కాకినాడకు అండ అయిన దీవి పక్క ఊరికి కోత అయింది. హుద్‌హుద్ తర్వాత మన బీచి చూసినవాళ్లకు ఉప్పాడవాళ్ల బాధ వేరే చెప్పక్కర్లేదు.

చూడాలనుకునేవారు చలికాలంలో వెళ్లండి. పుష్య అమావాస్యకు చొల్లంగి తీర్థం చూసుకుని, మర్నాడు పడవ మాట్లాడుకుంటే రెండు పనులూ అవుతాయి. సరంగు "ఇక ఎక్కండి" అన్నప్పుడు మాత్రం ఇంకో ఫోటో అని ఆగకండి. మేం ఆగాం. ఈలోగా పాటు తీసేసింది. కాలవలో పడవ బురదలో కూర్చుంది. మళ్లీ పోటు వచ్చేదాకా నలుగురం మడ చెట్ల మధ్య దోమలు కొట్టుకుంటూ గడిపాం. సరంగు మాత్రం తువ్వాలు ముఖాన కప్పుకుని హాయిగా నిద్రపోయాడు.

సెలవు.