జక్కయ్య మారాక యేసు పిలవలేదు

చర్చిల్లో మారినవాళ్లు తమ కథ చెప్పే సాక్ష్యాలు విన్నవాళ్లకు ఈ వరస బాగా తెలుసు. నలభై నిమిషాలు తాగుడు, జూదం, కొట్లాటలు, జైలు. ఆఖరి రెండు నిమిషాల్లో "ఆ రాత్రి ప్రభువు నన్ను తాకాడు, మారిపోయాను." చప్పట్లు! అసలు వినాల్సిందేమో ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. దాన్ని విప్పి చెప్పేవాళ్లే తక్కువ. దాంతో విన్నవాళ్లు ఇంటికి వేరే మాట పట్టుకెళ్తారు: "ముందు మనిషి బాగుపడాలి, అప్పుడు దేవుడు చేర్చుకుంటాడు." నాకు చిరాకు తెప్పించేది ఇదే. వరస తలకిందులైపోయింది.

బైబిల్లో లూకా సువార్తలోని జక్కయ్యనే తీసుకుందాం. పొట్టివాడు, జనం అడ్డు, యేసును చూడ్డానికి మేడిచెట్టెక్కాడు, అదంతా సండే స్కూల్లో విన్నదే, వదిలేస్తున్నా. అతను యెరికోలో సుంకం వసూలు చేసేవాళ్లకు పెద్ద. రోమా ప్రభుత్వానికి కట్టాల్సింది కట్టాక, జనం దగ్గర ఎంత పిండుకుంటే అంత సొంతం. యెరికో వర్తకులు తిరిగే దారి, కాబట్టి డబ్బుకు లోటు లేదు. లోటంతా మర్యాదకే. అతని పేరుకు అర్థం తెలుసా? నిర్దోషి, స్వచ్ఛమైనవాడు. ఊళ్లోవాళ్లు ఆ పేరు ఎంత వెటకారంగా పలికేవాళ్లో!

(తెర మీద: లూకా 19, 5 నుంచి 8 వచనాలు)

వచనాల నంబర్లు చూడండి. 5లో యేసు "త్వరగా దిగు, ఈ రోజు నేను మీ ఇంట్లోనే ఉండాలి" అంటాడు. 7లో జనం సణుగుతారు. 8లో జక్కయ్య నోరు విప్పుతాడు: ఆస్తిలో సగం బీదలకు, మోసపోయినవాళ్లకు నాలుగింతలు. పిలుపు 5లో, మార్పు 8లో. చెట్టు మీద ఉన్నప్పుడు అతను ఇంకా ఆ పాత లెక్కల మనిషే. "ఇక మోసం చేయనని మాటిస్తే దిగు" అని యేసు అనలేదు.

ఆ నాలుగింతలు కూడా మామూలు మాట కాదు. మోసం చేసి ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇస్తే చాలని బైబిల్లోని ధర్మశాస్త్ర పుస్తకం లేవీయకాండం చెబుతుంది. అతన్ని ఎవరూ ఇంత ఇవ్వమని అడగలేదు. సరిగ్గా ముందు అధ్యాయంలో ఇంకో ధనవంతుడున్నాడు. ఆజ్ఞలన్నీ పాటించినవాడు, గౌరవం ఉన్న అధికారి. "ఉన్నదంతా అమ్మి బీదలకివ్వు" అని యేసే నోరు తెరిచి చెప్పినా దిగులు పడ్డాడు. లూకా ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టడం ఊరికే జరిగిందని నేననుకోను.

ఇదెలా పనిచేస్తుందో నాకర్థమైనట్టు చెబుతా. ఏం చేసినా దొంగే అని ఊరంతా తేల్చేశాక, దొంగతనం మానితే ఒరిగేదేముంది? పోగొట్టుకోవడానికి పరువు ఉంటే కదా! ఒక మనిషి వచ్చి అతని ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు నిలబెట్టుకోవాల్సింది ఒకటి దొరికింది. దీన్నే క్రైస్తవులు కృప అంటారు. మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడని తొలి క్రైస్తవ బోధకుడు పౌలు రోమా పత్రికలో రాసింది ఈ వరసే. అంటే ఇంకా చెట్టు మీద ఉండగానే.

మరి దిగగానే అంతా అయిపోతుందా? ఇక్కడ జాన్ న్యూటన్ అనే ఇంగ్లిష్ నావికుడు. 1748 మార్చిలో సముద్రంలో తుఫాను, ప్రార్థన, విశ్వాసం. సాధారణంగా కథ ఇక్కడ ఆపేసి అతను రాసిన 'అమేజింగ్ గ్రేస్' పాట పాడేస్తారు. కానీ ఆ తుఫాను తర్వాత కూడా బానిసల ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. ప్రార్థన చేసుకుంటూనే! ఆరోగ్యం దెబ్బతిని 1754లో సముద్రం వదిలాడు. 1764లో పాదిరి అయ్యాడు. ఆ వ్యాపారంలో తన పాత్ర ఒప్పుకుంటూ, దాని ఘోరాలను బయటపెడుతూ పుస్తకం అచ్చేసింది 1788లో. 40 ఏళ్లు. జక్కయ్యకు 5 నుంచి 8కి మూడు వచనాలే పట్టింది, న్యూటన్ ఆ దూరం నడవడానికి సగం జీవితం తీసుకున్నాడు. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని చట్టంతో నిషేధించిన 1807లోనే చనిపోయాడు.

టైమ్ అయిపోతోంది, గబగబా రెండు.

ఒనేసిము. యజమాని దగ్గర్నుంచి పారిపోయాడని భావించే బానిస. అతని కోసం పౌలు ఆ యజమాని ఫిలేమోనుకు రాసిన ఉత్తరం 25 వచనాలే. దాసుడిగా కాదు, సోదరుడిగా చేర్చుకో, అతను బాకీ ఉంటే నా లెక్కలో రాయి అంటాడు. ఇక్కడ చెట్టు కింద నిలబడి పిలవాల్సింది ఫిలేమోను.

ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం, 1935, అమెరికా. అది చర్చి కాదు, కానీ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచి పుట్టింది. చేరడానికి ఒకటే షరతు: తాగుడు మానాలన్న కోరిక. మానేశాక రమ్మనరు. మళ్లీ 5వ వచనమే.

ఆ సణిగిన జనాన్ని విలన్లను చేయడం మాత్రం నాకు నచ్చదు. వాళ్ల డబ్బు నిజంగానే పోయింది, కోపం న్యాయమే. కానీ ఒకటి గమనించండి. యేసు ఆ రోజు ఆ గుమ్మం తొక్కకపోతే, నాలుగింతలు తిరిగి రాకుండా పోయేది ఆ గుంపులోనివాళ్లకే.