గాదె తలుపు తీసినట్టు ఓడ నింపే డాక్ | మార్క్వెట్ ఓర్ డాక్ రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూ ఒక డాక్ మీద. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, మార్క్వెట్ ఊరు, సుపీరియర్ సరస్సు ఒడ్డు. నా వెనకాల నీళ్లలోకి దాదాపు 1,200 అడుగులు చొచ్చుకెళ్లిందే, ఆ కట్టడం 1912 నాటిది. ఇప్పటికీ ఇనుప ఖనిజం ఓడలకెక్కేది దీని మీదుగానే.

డాక్ నెత్తిన చూడండి, రైలు! వ్యాగన్ల అడుగు తలుపులు తెరిస్తే సరుకు కింద గదుల్లో పడుతుంది. వాటిని పాకెట్లంటారు. రెండు వైపులా కలిపి 200, ఒక్కోదాంట్లో సుమారు 250 టన్నులు పడుతుంది. ఓడ వచ్చి ఆగాక పొడవాటి ఇనుప చ్యూట్‌ని, అంటే సరుకు జారే దోనెని, దించుతారు. ఇక గాదె తలుపు తీస్తే వడ్లు జారినట్టే, సరుకు తన బరువుతోనే ఓడలోకి జారిపోతుంది. విశాఖ పోర్టులో బైలదిల్లా ఖనిజం కన్వేయర్ బెల్టుల మీద ఓడకెక్కుతుంది. ఇక్కడ ఆ పని డాక్ ఎత్తే చూసుకుంటోంది. నాకు తెగ నచ్చింది ఇదే.

ఆ సరుకు మీదికి జూమ్ చేస్తున్నా. గోళీకాయల్లా ఉన్నాయి కదా? ఇనుము తక్కువున్న రాయిని పిండి చేసి, ఇనుమును వేరు చేసి, ఉండలు చుట్టి కాలుస్తారు. అవే పెల్లెట్లు. ఎక్కడైనా ఇరుక్కుంటే పనివాళ్లు పొడవాటి గడలతో కదిలిస్తారు.

ఇప్పుడు ఓడ పక్కన ధారగా పడుతున్న నీళ్లు చూడండి. ఖాళీగా వచ్చేటప్పుడు బరువు కోసం నింపుకున్న బ్యాలస్ట్ నీళ్లవి. సరుకు ఎక్కుతుంటే వాటిని తోడేస్తారు. ఒకే చోట సరుకు గుమ్మరిస్తే ఓడ నడుము వంగుతుంది. అందుకే ఇక్కడ కొంత, అక్కడ కొంత పోస్తారు. ఆ లెక్కంతా డెక్ మీదున్న మేట్‌ది, అంటే కెప్టెన్ కింది అధికారిది. అసలు టెన్షన్ ఆయనదే!

పదికి తొమ్మిది మార్కులు. డాక్ పైకి మనల్ని రానివ్వరు, దూరం నుంచే చూడాలి, అందుకే ఒకటి తగ్గించా. బైనాక్యులర్స్, స్వెట్టర్ తెచ్చుకోండి, ఈ గాలి మామూలుగా లేదు. జనవరి మధ్య నుంచి మార్చి 25 దాకా సూ లాక్స్, అంటే ఈ సరస్సులోకి ఓడలు వచ్చిపోయే నీటి గేట్లు, మూసేస్తారు కాబట్టి అప్పుడు మాత్రం రావద్దు.

అదిగో, ఇంకో చ్యూట్ దించుతున్నారు. నేను కాసేపు మాట్లాడను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చప్పుడు వినండి.